గుండ్రని రక్తం

సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజుపలక తమలపాకు కన్నా పెద్ద బరువేమీ ఉండదు. అలాంటి రెండు పలకలను నేను బస్తరు సంస్థానం ఉన్న రోజుల నుంచి మోస్తున్నాను. సంస్థానం పోయింది. పలకలూ ఏనాడో పగిలిపోయి ఉంటాయి. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పేరు చెప్పను. శబరి ఒడ్డున, కొంటాకు ఎగువన, ఒక మట్టికోట ఉండేదని, నేను ఆ ఇంటివాడినని మాత్రం చెబుతాను. ఇంతమాత్రానికే నన్ను పోల్చుకున్నవారు ఉంటే, దయచేసి పైకి అనకండి.

మా తాతగారి కాలంలో ఏనుగు ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి గొలుసు మిగిలింది. దానితో గేదెను కట్టేవాళ్లం. ఆ గొలుసు బరువుకు గేదె తల ఎత్తలేకపోయేది. మేమేమో తల దించేవాళ్లం కాదు. సంస్థానం మా జమీని తన అజమాయిషీలోకి తీసుకున్నాక కూడా మా నాన్నగారు గోడకు ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. నాకూ అదే అలవాటైంది. ఇల్లు కూలినవాడు వెన్ను కూలకుండా చూసుకోవాలి కదా అనుకునేవాణ్ణి.

మాకంటూ ఒక్క మర్యాద మిగిలింది. తొలికోత. ఊళ్లో వరి పండగానే, కొత్తల పండుగకు ముందు, మా ఇంటి పెద్ద వెండిపిడి కొడవలితో మొదటి పిడికెడు కొయ్యాలి. అంతవరకు ఎవరి కొడవలీ చేలోకి దిగదు. కమ్మరి చేతికిస్తే మర్యాద తగ్గుతుందని మా నాన్నగారు ఆ కొడవలికి ఎన్నడూ పదును పెట్టించలేదు. అందుచేత నా వంతు వచ్చేనాటికి నేను కోసేవాణ్ణి కాదు, పీకేవాణ్ణి. వరి వేళ్లతో సహా వచ్చేది. జనం మర్యాదగా ఆకాశంవైపు చూసేవారు. అయినా అది మాది. అది పోతే మేము ఉత్త మనుషులం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ రోజుల్లో గోదావరి జిల్లా నుంచి ఒక డాక్టరుగారు శబరి మీద పడవలో కొంటా వచ్చారు. దవాఖానాలో ఒక గది ఇచ్చారు. చలిజ్వరాల రక్తం పరీక్షించడం ఆయన పని. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని ఉంది కాని ఫొటో తీసే సాధనం లేదు. కంటికి కనబడింది కాగితం మీదికి ఎక్కాలంటే చెయ్యే దిక్కు. కోట బాగున్న రోజుల్లో నాకు బొమ్మలు గీయడం నేర్పించారు. కొలువు చెయ్యడం మా ఇంటా వంటా లేదు కాబట్టి, "సాయం చేస్తాను" అని ఒప్పుకున్నాను.

మొదటి రోజే చిక్కు వచ్చింది. సూక్ష్మదర్శినిలోకి చూడాలంటే వంగాలి. నేను వంగను. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టించాను. అప్పటినుంచి, పాపం పొట్టివారు, డాక్టరుగారు మునివేళ్ల మీద నిలబడి చూసేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. అంత మంచి మనిషిని మోసం చేశానని ఇప్పుడే చెప్పేస్తే నయమేమో.

ఆ పని నాకు నచ్చింది. ఎందుకు దాచాలి? కన్ను పెట్టే గొట్టం మీద చిన్న గాజుముక్క ఒకటి బిగించేవారు. దానిలోంచి చూస్తే కణం పక్కనున్న కాగితం మీద, సరిగ్గా నా పెన్సిలు మొన కింద కనబడేది. దాని అంచు వెంట గీసుకుంటూ పోవడమే. మామూలు రక్తంలో కణాలు నడుమ నొక్కిన అప్పాల్లా ఉంటాయి. గీసి గీసి నాకు ఆకలి వేసేది.

సూక్ష్మదర్శిని పెట్టెను పడవ దగ్గరి నుంచి మోసుకొచ్చినవాడు మా ఊరి ముత్తయ్య. దొర్ల అనే అడవి జాతి రైతు, నా ఈడువాడే. పొలం పని ఒంటికి పడదని ఎవరైనా చెబుతారేమోనని జీవితమంతా ఎదురుచూసిన మనిషి. పెట్టె దించాక ఇంటికి పోకుండా దవాఖానా అరుగు మీదే ఉండిపోయాడు. వచ్చే రోగికి, పోయే రోగికి సలహాలు ఇచ్చేవాడు.

ఒకనాడు కీళ్లు పట్టేసి, కళ్లు పచ్చబడ్డ దొర్ల పిల్లను తీసుకొచ్చారు. ఆమె రక్తంలో అప్పాల మధ్య సన్నగా, రెండు వైపులా కొనదేలి, వంకర తిరిగిన కణాలు కనబడ్డాయి. డాక్టరుగారు మునివేళ్ల మీదనే గంతులు వేశారు. విదేశీ పుస్తకాల్లో చదివారట కాని కంటితో చూడడం అదే మొదలు. ఈ గుణం కొందరిలో దాక్కుని ఉంటుందని, వాళ్లకు ఏ జబ్బూ ఉండకపోవచ్చని ఆయన చెప్పారు. దాన్ని బయటపెట్టే ఉపాయం ఒకటుంది. రక్తపు చుక్క మీద పలచని గాజురేకు కప్పి, అంచులకు మైనం పూసి, మర్నాటిదాకా వదిలెయ్యాలి. లోపల గాలి తరిగిపోతుంది. గాలి అందకపోతే, గుణం ఉన్న కణం వంగిపోతుంది. లేనిది గుండ్రంగానే ఉంటుంది.

"అయితే మా రక్తం ఎంత బిగించినా వంగదు," అన్నాను.

"అదేనండీ రాజావారూ నాక్కావలసింది," అన్నారాయన. "లేని రక్తం పక్కన పెడితేనే కదా ఉన్న రక్తం తెలిసేది! ఇవ్వండి ఒక చుక్క."

మా మూలపురుషుడు ఓరుగల్లు నుంచి కత్తి పట్టుకుని గోదావరి దాటి వచ్చిన వైనం చెబుతూ వేలు చాపాను. సూది గుచ్చింది కూడా తెలియలేదు. నా వెనకే ముత్తయ్యా వేలు చాపాడు. గుచ్చించుకున్నవాళ్లకు బెల్లం టీ ఇస్తున్నారు మరి. రెండు పలకలకూ మైనం పూసి, కాగితపు ముక్కల మీద పేర్లు రాసి, తుమ్మజిగురుతో అంటించింది నేనే.

మర్నాడు పొద్దున డాక్టరుగారు శబరిలో స్నానం చేసి వచ్చేలోపలే వెళ్లాను. నా రక్తం ఎంత నిండుగా, గుండ్రంగా ఉందో నేనే ముందు చూసుకోవాలని. నా పలక పెట్టి, అద్దం తిప్పి వెలుగు పట్టాను.

కొడవళ్లు.

ఒకటీ అరా కాదు. కోతల రోజున మధ్యాహ్నం గట్టు మీద కుప్పగా పడేసిన కొడవళ్లలా ఉన్నాయి. అద్దం తుడిచాను. కన్ను తుడుచుకున్నాను. ముత్తయ్య పలక పెట్టాను. నిండు చందమామలు. ఒక్కదానికైనా వంకర లేదు. పనికి వంగని మనిషి, వాడి రక్తం మాత్రం ఎందుకు వంగుతుంది?

ఆ క్షణంలో నేనేం ఆలోచించాను? ఎన్నోసార్లు ఈ ప్రశ్న వేసుకున్నాను. వంశం గురించా? ఓరుగల్లు నుంచి వచ్చిన ఆ వీరుడు కత్తి తెచ్చుకున్నాడు కాని పెళ్లాన్ని తెచ్చుకోలేదని, ఇక్కడి అడవి ఊళ్ల పిల్లే ఎవరో ఆయనకు అన్నం పెట్టి, పిల్లల్ని కని, మా ఇంటి చరిత్రలో పేరు లేకుండా పోయిందని అనుకున్నానా? లేదు. అదంతా తరవాత, తీరిగ్గా అల్లుకున్నది. అప్పుడు మాత్రం ఒకే ఆలోచన. డాక్టరుగారు తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చేస్తారు.

తడివేలితో అద్దాను. రెండు కాగితాలూ ఊడివచ్చాయి. మార్చి అంటించాను.

అంతే. పాపానికి ఇంత తక్కువ పని సరిపోతుందని నాకు తెలియదు.

డాక్టరుగారు చూశారు, పొంగిపోయారు. ముత్తయ్య పేరున్న పలకలోని కణాలను బొమ్మ గీయమన్నారు. అంటే నా రక్తాన్నే. గీశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, నా జీవితంలో గీసిన అన్ని బొమ్మల్లోకీ అదే గొప్పది. ఒక్కో కొడవలి కొన ఎంత సన్నగా వచ్చిందో! దాని కింద ఆయన ఇంగ్లీషులో "దొర్ల పురుషుడు, ఆరోగ్యవంతుడు" అని రాశారు. అందులో మొదటి మాట ఒక్కటే తప్పు. అదైనా ఎంతవరకు తప్పో ఇప్పుడు నేను చెప్పలేను.

ఒక్క అబద్ధంతో పోలేదు. వెళ్లేముందు ఆయన ముత్తయ్య రక్తం మళ్లీ ఒకసారి చూడాలన్నారు. "నేను తీస్తాను, మీరు పెట్టెలు సర్దుకోండి," అన్నాను. ముత్తయ్య వేలు గుచ్చి, ఆ చుక్కను తుడిచేసి, పక్కగదిలో నా వేలు గుచ్చుకుని నాది పెట్టాను. ముత్తయ్య టీ తాగి, నా వేలికి కట్టిన గుడ్డపీలిక చూసి, "పెన్సిలు చెక్కుకుంటే తెగిందా దొరా? నాతోని చెప్తే చెక్కియ్యనా?" అన్నాడు.

ఈ గుణం అడవి జాతుల్లోనే ఉందని, ఏలిన వంశాల్లో లేదని డాక్టరుగారు దవాఖానా అరుగు మీద అందరికీ చెప్పారు. ఏలిన వంశాలంటే నా ఒక్కడి చుక్క. ఆ కణానికి ఉన్న ఇంగ్లీషు పేరును తెలుగులోకి తెచ్చింది నేనే. వంకర కణం అంటే సరిపోయేది. "కొడవలి కణం" అన్నాను. ఆ రోజు నాకు కవిత్వం ఎందుకు పొంగిందో తెలియదు. ఆయన పడవెక్కి వెళ్లిపోయారు. ఆ బొమ్మ ఎక్కడైనా అచ్చయిందో లేదో నాకు తెలియదు. అయి ఉంటే, నా అబద్ధం ఏ పుస్తకాల బీరువాలోనో నిటారుగా నిలబడి ఉంటుంది.

మాట సంతదాకా పాకింది. ఒక ఉప్పు బేరగాడు ముత్తయ్య దగ్గర చింతపండు తూస్తూ, "జర చూసి తూకమెయ్యాలె. వంకర నెత్తురోళ్లంట, ముల్లు గూడ వంకర పోతది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను అక్కడే, అడుగు దూరంలో, వెన్ను నిటారుగా పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట నాకు తగలాలి. తగలవలసింది నాకే. నోరు తెరవలేదు.

ముత్తయ్య తెరిచాడు. "వంకర గాదు సేటూ, కొడవలి! మా నెత్తుర్ల కొడవలున్నది. నీ నెత్తుర్ల ఏమున్నది, తరాజా?"

సంత సంతంతా పడిపడి నవ్వింది. ఆ నవ్వుతో కథ మలుపు తిరిగింది. నేను తెలుగులో పెట్టిన పేరు వాళ్ల చేతుల్లో పండి, కోతకొచ్చింది.

వరి పసుపెక్కుతుండగా ముత్తయ్య, వెంట ఊరి పెద్ద, మా ఇంటికి వచ్చారు. పెద్ద మాట్లాడలేదు. ముత్తయ్యే మాట్లాడాడు. ఆ మాటలు నాకు ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి.

"దొరా, కోపం చెయ్యకు. ఊళ్లె ఒక మాట అనుకున్నరు."

"ఏంది?"

"తొలికోత సంగతి. భూమితల్లి నెత్తుర్లనే కొడవలి పెట్టి పంపింది గదా. ఆ నెత్తురోడు ఉండంగ వేరేటోడు కోస్తే తల్లి ఊకుంటదా?"

"అది మా తాతల నాటి హక్కు."

"కాదన్నమా? అందుకే అడగొచ్చినం. నీ నెత్తుర్ల గూడ ఉన్నదా దొరా? ఉంటే ఉన్నదని చెప్పు. ఎప్పటిలెక్క నువ్వే కొయ్యి. మాకేం అడ్డం లేదు."

చూశారా? నేను దొంగిలించిన దాన్ని వాడు నాకే తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఒక్క మాట చాలు. ఉంది అంటే తొలికోత నాది, నిజం కూడా నాది. కాని ఉంది అంటే కాగితాలు మార్చినవాణ్ణి నేను. ఉంది అంటే ఓరుగల్లు పోతుంది. లేదు అంటే తొలికోత పోతుంది. ఒక గర్వాన్ని కాపాడుకోవాలంటే ఇంకో గర్వాన్ని అమ్ముకోవాలి. ఏది అమ్మాలి? ఆలోచించడానికి ఊపిరి తీసుకున్నాను. ఊపిరి అందలేదు.

"లేదు," అన్నాను. "మాది గుండ్రని రక్తం."

ముత్తయ్య ఊరి పెద్దవైపు చూశాడు. పెద్ద తల గోక్కున్నాడు. ముత్తయ్య మొహం ఉన్నట్టుండి వెలిగింది.

"ఇంకేంది, గంప నీదే దొరా! గంప గూడ గుండ్రమే గదా. ముందల నేను కోస్త, ఎనక నువ్వు పట్టు. ఊర్ల నీ జాగ నీకుండాలె." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆ ఎండిపిడి కొడవలి మాత్రం నువ్వే ఉంచుకో. అది తెగదు."

ఆ ఏడు గంప మోశాను. ఏనుగు గొలుసుంచుకున్న ఇంటివాణ్ణి, ముత్తయ్య వెనక, వెదురు గంప గుండెకు ఆనించుకుని, శూలంలా నడిచాను. వాడు మంచి పదునైన కొడవలితో ఒక్క వేటున కోసి, చూడకుండానే వెనక్కి విసిరాడు. నేను వంగలేదు కాబట్టి పిడికెడు కంకులూ గంపలో పడకుండా గట్టు మీద పడ్డాయి. అంతా ఆగిపోయారు. తొలిపంట నేల మీద ఉండకూడదు. వంగాను. వంగి ఏరాను. ఊరంతా చూసింది. వెనక నుంచి ఒక ముసలమ్మ, "అబ్బ, దొర నడుముకు గూడ మడత ఉన్నదే!" అంది.

నవ్వు వచ్చింది. నాకే. ఆపుకోలేకపోయాను.

నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఆ గంప నాకు ఇష్టమైపోయింది. కోసేవాడిగా ఉన్నన్నాళ్లు నాతో ఎవరూ మాట్లాడలేదు. గంప పట్టాక తిట్టడం మొదలుపెట్టారు. వాలుగా పట్టమనేవారు, ఇటు రమ్మనేవారు, పండుగనాడు ఆకులో కొత్తన్నం పెట్టి ఇంకొంచెం తినమని గదిమేవారు. ఏడాదంతా ఆ రోజు కోసం చూసేవాణ్ణి. అబద్ధం ఫలం ఇంత తియ్యగా ఉండవచ్చా? ఉండకూడదు. ఉంది. తింటున్నప్పుడు ప్రతి ముద్దకూ అదీ తెలుస్తూనే ఉండేది.

ముత్తయ్య మహా దర్జాగా బతికాడు. నెత్తుర్ల కొడవలి ఉన్నోడు రోజూ కొడవలి పడితే తల్లికి అవమానమని, తొలికోత తప్ప మిగతా కోతంతా పెళ్లానికి, కొడుక్కి వదిలేశాడు. చెప్పాలని ఎన్నోసార్లు వాడి పక్కన కూర్చున్నాను. వాడు ఏదో ఒక హాస్యం ఆడేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ ఏడూ గడిచిపోయేది. ఏది అడ్డం వచ్చింది, వాడి హాస్యమా, నా వెన్నా? హాస్యం మీద నెపం వెయ్యను. ముసలితనంలో నిద్రలోనే పోయాడు. ఇప్పుడు వాడి కొడుకు కోస్తున్నాడు. గంప ఇంకా నాదే.

మొన్న మా మనవరాలి బడిలో పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు. ఫలితం వచ్చాక దంతెవాడ ఆస్పత్రికి రమ్మన్నారు. పిల్లకు జబ్బేమీ లేదు, గుణం మాత్రం ఉంది, పెళ్లినాడు అవతలివాళ్ల రక్తం చూసుకుంటే చాలు అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. అడవి జాతుల్లోనే ఉంటుంది కదమ్మా అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, రక్తానికి కులం తెలియదండీ అంది. తరవాత అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా తాతగారూ?"

మళ్లీ అదే ప్రశ్న. ఇంత వయసొచ్చాక. "తెలియదమ్మా," అన్నాను.

తిరిగి వస్తుంటే జీపులో మనవరాలు కిటికీలోంచి ఎదురొచ్చే ప్రతివాడికీ వినబడేలా, "నాకు కొడవలి ఉన్నది!" అని అరుస్తూనే ఉంది. మా ఊళ్లో పుట్టిన పిల్ల కదా, అది ఎంత గొప్పో దానికి తెలుసు. ఉన్నట్టుండి నావైపు తిరిగింది. "తాతా, నీది గుండ్రని నెత్తురు గదా. మరి నాకు యాడికెల్లి వచ్చింది?"

జీపు పెద్ద గుంటలో పడింది. ఆ కుదుపు సాకుగా పెట్టుకుని నేను రోడ్డును తిట్టుకున్నాను. అది మాత్రం జవాబు కోసం ఇంటిదాకా నా మొహంలోకే చూస్తూ వచ్చింది.

అందుకే రాస్తున్నాను. రాయాలంటే వంగక తప్పదు. వంగాను. రేపు పిల్లకు చెప్పాలి. ముత్తయ్య కొడుక్కీ చెప్పాలి. తొలికోత ఆ ఇంట్లోనే ఉండనివ్వాలనే నా కోరిక. కాని కోరే అర్హత నాకు లేదు. గంప లాక్కుంటే లాక్కోనీ. సంతలో ఆ మాట పడ్డవాళ్లకు నేను ఏమిచ్చి తీర్చగలను? దేనితోనూ తీరదు. క్షమించడానికి ముత్తయ్య లేడు. ఉన్నా, "ఇప్పుడు చెప్తున్నవా దొరా, కొడవలి మాత్రం నేనియ్య" అనేవాడేమో. లేక మొదటిసారిగా నాతో హాస్యం మానేసేవాడేమో. అది నాకు ఎప్పటికీ తెలియదు.

కాని ఆ రోజు వాడు నా గుమ్మంలో నిలబడి ఒక మాట అడిగాడు. జవాబు బాకీ ఉండిపోయింది.

ఉంది ముత్తయ్యా. నా నెత్తుర్లో ఉంది.